సబ్బాతు పెట్టె కోసం కొన్న ఫెల్ట్ బైబిల్ బొమ్మల సెట్, ఏడాది వాడాక నా రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది కొన్న వారానికే రాస్తున్న రివ్యూ కాదు. పోయినేడు జూన్‌లో కొన్నాం, అప్పట్నుంచి దాదాపు ప్రతి శుక్రవారం సాయంత్రం బయటికి తీస్తూనే ఉన్నాం, మంచీ చెడూ రెండూ బాగా తెలిశాకే రాస్తున్నా.

మేం అడ్వెంటిస్టులం, క్రైస్తవుల్లో ఒక శాఖ, ఉండేది గుంటూరు. మాకు సబ్బాతు అంటే, అదే విశ్రాంతిదినం, ఆదివారం కాదు, శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నుంచి శనివారం పొద్దుగూకేదాకా. ఆ టైమ్‌లో టీవీ పెట్టం, కొనడాలు అమ్మడాలు ఉండవు, హోంవర్క్ ఉండదు, సెల్‌లో గేమ్స్ ఉండవు. పెద్దవాళ్ళకి వారమంతా పరిగెత్తాక ఇది ఎంత హాయో మాటల్లో చెప్పలేను, కానీ చిన్నపిల్లలకి అలా కాదు కదా. మా పాపకి అప్పుడు ఏడేళ్ళు, బాబుకి నాలుగు. ఒక శనివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక పాప గుమ్మంలో కూర్చుని వీధిలో క్రికెట్ ఆడుకునే పిల్లల్ని చూస్తా "అమ్మా, సబ్బాతు ఎప్పుడు అయిపోద్ది" అనడిగింది. ఆ మాటకి నాకు కడుపులో దేవినట్టయింది. బైబిల్లో యెషయా 58లో విశ్రాంతిదినం మనోహరమైనది అనుకోమని రాసుంటే, నా బిడ్డకేమో అది వద్దు, కూడదు, తప్పు అనే మాటలు వినే రోజైపోయింది.

మా అమ్మమ్మ వాళ్ళది నూజివీడు. చిన్నప్పుడు సెలవులకెళ్తే శుక్రవారం అంటే పండగ ముందురోజు లాగే ఉండేది. సిద్ధపాటు దినం అనేవాళ్ళు. పొద్దున్నే ఇల్లు దులిపి కడగడం, బట్టలు ఇస్త్రీ, చెప్పులు కూడా తుడిచి వరసగా పెట్టడం, మధ్యాహ్నం చింతపండు పులిహోర కలిపి పెట్టేవాళ్ళు, అది మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది కదా, శనివారం పొయ్యి దగ్గర నిలబడే పని తగ్గుద్ది. అందరం తలస్నానాలు చేసి పొద్దుగూకే ముందే చాప మీద కూర్చునేవాళ్ళం. ఒక ట్రంకు పెట్టె ఉండేది, అందులో రంగుల బైబిల్ బొమ్మల పుస్తకాలు, అవి వేరే రోజు ముట్టుకోనిచ్చేది కాదు. ఆ పెట్టె మూత తీసిన చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. మేం పిల్లలం సబ్బాతు కోసం ఎదురుచూసిందే ఆ పెట్టె కోసం.

అదే పని నేనూ చేద్దామనుకున్నా. పెట్టె కొనుక్కోవడం తేలిక, అందులో ఏం పెట్టాలన్నదే తెలీలేదు. మా సబ్బాతు స్కూల్ టీచరు ఒకావిడ ఫెల్ట్ బొమ్మలు చెప్పారు. అంటే మెత్తటి గుడ్డ మీద అచ్చేసిన బొమ్మలు, ఫ్లానెల్ గుడ్డ కట్టిన బోర్డు మీద పెడితే జిగురు లేకుండానే అతుక్కుని నిలబడతాయి, తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్‌లో చిన్న అమ్మకందారు దగ్గర తెప్పించాం, డెలివరీతో కలిపి 2,800 పడింది.

ఇప్పుడు అసలు సంగతులు. బొమ్మలు కత్తిరించి రావు, షీట్లుగా వస్తాయి, మనమే కత్తిరించుకోవాలి. ఈ ముక్క ప్యాకెట్ మీద ఎక్కడో చిన్నక్షరాల్లో రాశారు, పెద్దగా రాయాల్సింది. మా ఆయనా నేనూ పిల్లలు పడుకున్నాక కూర్చుని కత్తిరిస్తే ఆరు రాత్రులు పట్టింది. వేళ్ళ సందులు, గొర్రె కాళ్ళు లాంటి చోట్ల పెద్ద కత్తెర పనికిరాదు, కుట్టుపెట్టెలో ఉండే చిన్న కత్తెర వాడండి. బోర్డు సెట్‌తో రాదు. మేం రెండడుగుల బై మూడడుగుల ప్లైవుడ్ ముక్క కోయించి ముదురు నీలం ఫ్లానెల్ గుడ్డ ఫెవికాల్‌తో అంటించాం. బోర్డు నిటారుగా పెట్టకండి, కొంచెం వెనక్కి వాలేట్టు గోడకి ఆనిస్తే బొమ్మలు జారవు. ఇంకోటి, ఫ్యాన్. మే నెలలో గుంటూరులో ఫ్యాన్ ఆపి కూర్చోవడం అయ్యే పని కాదు, ఫుల్‌లో పెడితే దావీదు కథలో ఉండే భారీ మనిషి గొల్యాతు కూడా మొహం మీద పడతాడు, సగానికి తగ్గించి బోర్డుని ఫ్యాన్ కింద కాకుండా మూలకి జరిపితే సరిపోద్ది.

రంగులు బాగున్నాయి, ఏడాదికి కూడా వెలవలేదు, అంచులు కొన్నిటికి నూగు లేచింది అంతే. మడతపెడితే మాత్రం గీత పడి అక్కడ అతుక్కోదు, పాత క్యాలెండర్ అట్టల మధ్య కథకో కవర్ చేసి పరిచి పెట్టుకోండి. కథలు చెప్పే చిన్న పుస్తకం ఇంగ్లీషులోనే ఉంది. నాకిది పెద్ద లోటు, ఎందుకంటే మా అత్తయ్య కూడా కథ చెప్తారు, ఆవిడకి తెలుగే వచ్చు. నేను ప్రతి కవర్ మీద తెలుగులో కథ పేరు, బైబిల్లో ఏ అధ్యాయమో రాసి అంటించా. మనుషుల మొహాలన్నీ తెల్లగా పింక్‌గా ఉన్నాయి, ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసలుగా ఎండలో ఇటుకలు చేసినోళ్ళు అలా ఉండరు కదా, అది మార్చాలని అమ్మినవాళ్ళకి రాశాను కూడా.

ఇంకో ఇబ్బంది, దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని చేసి ఏడో రోజు విశ్రమించిన సృష్టి కథలో మాకు నాలుగో రోజు షీటే రాలేదు, సూర్యుడూ చంద్రుడూ లేరు. మెసేజ్ పెడితే రెండు వారాలు పలకలేదు, తర్వాత పంపారు, ఆ లోపల పిల్లలు పసుపు గుడ్డతో ఒక సూర్యుణ్ణి చేసేశారు, ఇప్పటికీ అదే పెడతారు, కంపెనీది పక్కన పడేశారు.

సరే, దీన్ని వాడే పద్ధతి గురించి చెప్పాలి, నా లెక్కలో ఐదు స్టార్లు ఇస్తున్నది దానికే. ఇది శుక్రవారం పొద్దుగూకే దాకా పెట్టెలోంచి బయటికి రాదు. మిగతా రోజుల్లో ఎంత ఏడ్చినా ఇవ్వం. మొదటి నెల బాబు బుధవారాలు పెట్టె మీద పడి దొర్లాడు, ఇవ్వలేదు, అది కష్టమే గానీ అక్కడ మెత్తబడితే ఇది మామూలు బొమ్మల్లో కలిసిపోయేది. ఇప్పుడు పాప పొద్దుగూకే టైమ్ తనే చూసి గోడ క్యాలెండర్ మీద రాస్తది, మాకు నవంబర్ చివర్లో ఐదున్నర దాటగానే సబ్బాతు మొదలు, జూలైలో దాదాపు ఏడు దాకా ఆగాలి. చలికాలంలో పెట్టె తొందరగా తెరుస్తామని దానికి ఆ నెలలంటేనే ఇష్టం.

మన్నా కథ మా ఇంట్లో అన్నిటికంటే బాగా పనిచేసింది. మన్నా అంటే ఎడారిలో ఇశ్రాయేలీయులకి దేవుడిచ్చిన ఆహారం. నిర్గమకాండం 16లో రోజూ ఆ రోజుకి సరిపడా ఏరుకోవాలి, ఆరో రోజు మాత్రం రెండింతలు, ఏడో రోజున అది పాడవదు. అది కొత్తిమీర గింజలా తెల్లగా ఉండేదని రాసుంది. అందుకని శుక్రవారం పొద్దున్నే డాబా మీద చాప వేసి మరమరాలు చల్లుతా, ఇద్దరూ చెరో రెండు గిన్నెలు ఏరతారు, ఒకటి అప్పుడే తినేస్తారు, రెండోది మూతపెట్టి సబ్బాతుకి దాస్తారు. సాయంత్రం అదే కథ బోర్డు మీద పెడితే బాబు నేను చెప్పేలోపే "రెండు గిన్నెలు, రెండు గిన్నెలు" అని అరుస్తాడు. కథ వాడి చేతుల్లోంచి వచ్చింది మరి.

సెట్‌లో యాకోబు ముసలాయన బొమ్మ, ఆయన తల మీద చేతులు పెట్టి దీవించిన మనవళ్ళు, అంటే యోసేపు కొడుకులు ఎఫ్రాయిము, మనష్షేల బొమ్మలూ ఉన్నాయి. యూదుల ఇళ్ళల్లో శుక్రవారం రాత్రి అమ్మానాన్నలు పిల్లల తల మీద చేతులు పెట్టి, మగపిల్లల్ని ఎఫ్రాయిము, మనష్షేల పేరు మీద, ఆడపిల్లల్ని శారా, రిబ్కా, రాహేలు, లేయాల పేరు మీద దీవిస్తారు. (మా వైపే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని యూదు పద్ధతిలో సబ్బాతు పాటించే తెలుగు కుటుంబాలున్నాయి, చాలామందికి తెలీదు.) ఆ కథ చెప్పిన రోజు మా ఆయన లేచి ఇద్దరి తలల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అప్పట్నుంచి మానలేదు. ఆఫీసు నుంచి లేటయితే పిల్లలు అన్నం తినకుండా ఆయన చెయ్యి కోసం కూర్చుంటున్నారు.

శనివారం మధ్యాహ్నం ఎండ తగ్గాక వీలైతే ఉప్పలపాడు చెరువు దగ్గరికెళ్తాం, గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చూసొచ్చి ఐదో రోజు పక్షులు బోర్డు మీద పెడతారు. గుమ్మంలో కూర్చోవడం ఆగిపోయింది.

ఎవరికి పనికొస్తుందంటే మూడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకి. అంతకంటే చిన్నవాళ్ళు నోట్లో పెట్టుకుంటారు. కత్తిరించే ఓపిక లేకపోతే కొనొద్దు.

ఒక్క సంగతి మర్చిపోయా. సృష్టి కవర్‌లో ఆరు రోజులకే బొమ్మలున్నాయి. మొదటిసారి ఆరూ పెట్టాక పాప "ఏడో రోజుకి ఏది" అంది, నా దగ్గర సమాధానం లేదు, బోర్డు ఆ చివర ఖాళీగా ఉంది. మర్నాడు పొద్దుగూకాక మిగిలిన గుడ్డ ముక్కలతో నాలుగు బొమ్మలు కత్తిరించింది, నాన్న, అమ్మ, తను, తమ్ముడు. ఏడో రోజు చోట ఇప్పుడు అవే పెడతాం. మొన్న బాబు నాయనమ్మ కూడా కావాలన్నాడు. ఆకుపచ్చ గుడ్డ ఇంకా కొంచెం ఉంది, చీరకి సరిపోద్ది.