తలదెబ్బకు సీటీ స్కాన్: దేనికి పనికొస్తుంది, ఎక్కడ సరిపోదు

తలకు దెబ్బ తగిలి ఎమర్జెన్సీకి వెళ్తే ముందుగా వినిపించే మాట సీటీ స్కాన్. బల్లమీద పడుకోబెట్టడం నుంచి లేపడం దాకా పది నిమిషాలు. రిపోర్టులో 'నార్మల్' అని ఉంటే ఇంటిల్లిపాదికీ గండం గడిచినట్టే. నిజానికి ఈ పరీక్ష ఒకే ఒక్క ప్రశ్నకు తిరుగులేని జవాబిస్తుంది: ఈ క్షణాన పుర్రె లోపల ఆపరేషన్ అవసరమయ్యేంత రక్తం చేరిందా, లేదా? ఆ పనిలో దానికి సాటి వచ్చేది ఇంకోటి లేదు. మిగతా ప్రశ్నలకు మాత్రం దాని జవాబు అరకొరే. తలదెబ్బ విషయంలో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ తేడా తెలియకపోవడం వల్లే.

ముందు మంచి గుణాలు. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో 1971లో లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగి మెదడును ఫొటో తీశారు. 1979లో ఆయనకూ, ఈ పరీక్షకు లెక్కల పునాది వేసిన అలన్ కార్మాక్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు. స్కాన్‌లో ఏది ఎంత తెల్లగా కనిపిస్తుందో చెప్పే కొలమానం ఇప్పటికీ హౌన్స్‌ఫీల్డ్ పేరు మీదే ఉంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, మెదడు కణజాలానికి సుమారు 30 నుంచి 40, అప్పుడే గడ్డకట్టిన రక్తానికి 60 పైన. ఆ అంకెల తేడా వల్లే తాజా రక్తం బూడిదరంగు మెదడు పక్కన తెల్లగా మెరుస్తుంది. అందుకే దెబ్బ తగిలినవాళ్లకు తీయాల్సింది ఇంజెక్షన్ లేని ప్లెయిన్ స్కాన్. రక్తనాళాలు స్పష్టంగా కనిపించడానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు కూడా తెల్లగానే కనిపిస్తుంది కాబట్టి మొదటి స్కాన్‌లో అది అడ్డమే. రక్తనాళం చినిగిందన్న అనుమానం ఉంటే దానికి వేరే యాంజియో తీస్తారు.

తెల్లమచ్చ ఆకారాన్ని బట్టి రక్తం ఎక్కడిదో కూడా తెలుస్తుంది. రెండువైపులా ఉబ్బిన కటకంలా ఉంటే అది పుర్రెకూ, మెదడు పైపొర అయిన డ్యూరాకూ మధ్య చేరిన రక్తం. దీన్ని ఎపిడ్యూరల్ అంటారు. కణత దగ్గర ఎముక చిట్లి, లోపల అంటుకుని పోయే ధమని తెగడం వల్ల ఇది ఎక్కువగా వస్తుంది. డ్యూరా పుర్రె అతుకుల దగ్గర గట్టిగా అంటుకుని ఉంటుంది కాబట్టి రక్తం పక్కకు పాకలేక లోపలికి ఉబ్బుతుంది. నెలవంకలా మెదడు వెంట పరుచుకుని ఉంటే సబ్‌డ్యూరల్. మెదడు నుంచి డ్యూరాకు వెళ్లే సన్నని సిరలు తెగితే ఇలా జరుగుతుంది. వయసు పెరిగేకొద్దీ మెదడు కుంచించుకుపోయి ఆ సిరలు సాగదీసినట్టు ఉంటాయి. అందుకే పెద్దవాళ్లకు బాత్‌రూములో జారి పడిన చిన్న దెబ్బ కూడా చాలు.

ఈ కొలతలే ఆపరేషన్‌ను నిర్ణయిస్తాయి. ఎపిడ్యూరల్ 30 మిల్లీలీటర్లు దాటితే, సబ్‌డ్యూరల్ మందం 10 మి.మీ. దాటితే, లేదా దానివల్ల మెదడు మధ్యగీత 5 మి.మీ. కంటే ఎక్కువ పక్కకు జరిగితే, రోగి మాట్లాడుతున్నా న్యూరోసర్జన్‌ను పిలవాల్సిందే. కాబట్టి రిపోర్టులో 'రక్తస్రావం ఉంది' అన్న ఒక్క ముక్క సరిపోదు. మందం ఎంత, మధ్యగీత ఎంత జరిగింది, మెదడు చుట్టూ ఉండే నీటి ఖాళీలు తెరిచి ఉన్నాయా మూసుకుపోయాయా, ఇవి ఉంటేనే అది పూర్తి రిపోర్టు.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది సమయానికి సంబంధించినది. దెబ్బ తగిలిన అరగంటకే తీసిన స్కాన్ ఆ అరగంట కథే చెప్తుంది. ఆ తర్వాత ఊరే రక్తం దానికి తెలియదు. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. ఎపిడ్యూరల్‌లో కొందరు స్పృహ తప్పి, లేచి, గంటా రెండు గంటలు మామూలుగా మాట్లాడి, మళ్లీ మత్తులోకి జారుకుంటారు. ఆ మధ్యలో లేచి కూర్చున్నారు కదా అని ఇంటికి పంపేయడం ప్రాణాంతకం.

రెండో లోపం రక్తం రంగు మారడం. ఒకటి నుంచి మూడు వారాల మధ్య సబ్‌డ్యూరల్ రక్తం మెల్లగా మెదడు రంగులోకి వచ్చేస్తుంది. రెండువైపులా సమానంగా ఉంటే మధ్యగీత కూడా కదలదు, హడావుడిగా చూస్తే దాటిపోతుంది. మూడు వారాలు దాటాక నల్లబడుతుంది. హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉన్న మనిషిలో తాజా రక్తం కూడా పాలిపోయి కనిపిస్తుంది. ఈ రెండు సందర్భాల్లో రేడియాలజిస్టుకు వివరం అందకపోతే తప్పు ఆయనది కాదు. ఎప్పుడు పడ్డారు, ఏ మందులు వాడుతున్నారు, రక్తహీనత ఉందా అన్నది రిక్వెస్టు కాగితం మీద రాయాలి. 'తలనొప్పి' అని ఒక్క మాట రాసి పంపే అలవాటు మానాలి.

మూడోది మెదడు తీగలు తెగడం. వేగంగా వెళ్తున్న బండి ఒక్కసారిగా ఆగినప్పుడు తల మెలితిరిగి, మెదడు లోపలి నరాల తీగలు సాగి తెగుతాయి. రోగి గాఢమైన మత్తులో ఉంటాడు, సీటీ మాత్రం దాదాపు శుభ్రంగా ఉంటుంది. ఇక్కడ ఎమ్మారై, అందులోనూ చిన్న రక్తపు చుక్కలను పట్టే ఎస్‌డబ్ల్యూఐ సీక్వెన్స్, చాలా మెరుగు. స్కాన్ బాగుంది, మనిషి బాగాలేడు అన్నప్పుడు నమ్మాల్సింది మనిషినే. కంకషన్‌లో, అంటే దెబ్బకు మెదడు అదిరి దాని పని కొంతకాలం తడబడినప్పుడు, సీటీలో ఏమీ కనిపించకపోవడమే మామూలు. తలనొప్పి, వెలుతురు పడకపోవడం, మతిమరుపు, నిద్ర చెదరడం ఇవన్నీ నార్మల్ రిపోర్టు ఉన్నా నిజమే.

మంచి కేంద్రాన్ని గుర్తుపట్టడానికి యంత్రం బ్రాండు చూడక్కర్లేదు. పలచని ముక్కలుగా, సుమారు ఒక మి.మీ. చొప్పున తీసి, అడ్డంగానే కాక ముఖానికి సమాంతరంగా నిలువు కోతల్లో కూడా చూస్తున్నారా అని అడగండి. 5 మి.మీ. అడ్డకోతలు మాత్రమే చూస్తే నడినెత్తి దగ్గరి పలచని రక్తం, పుర్రె అడుగున ఉన్న చిట్లు జారిపోతాయి. ఎముకకు వేరే విండో (తెరమీద తెలుపు నలుపుల అమరిక), మెదడుకు వేరే విండో, రక్తానికి కాస్త వెడల్పాటి విండో మార్చి చూడటం తప్పనిసరి. తల కదిలిపోయిన స్కాన్‌ను 'పర్లేదు' అని రిపోర్టు చేసే చోట జాగ్రత్త పడాలి. ఇంకో మాట: తలకు గట్టి దెబ్బ తగిలి స్పృహ సరిగా లేని మనిషికి మెడ ఎముకలు కూడా అదే బల్ల మీద స్కాన్ చేయాలి. అప్పటిదాకా మెడను కదపకూడదు.

ప్రత్యామ్నాయాల్లో పుర్రె ఎక్స్‌రేకు మా మార్కులు సున్నాకు దగ్గర. ఎముక చిట్లినా లోపల రక్తం లేకపోవచ్చు, ఎముక చెక్కుచెదరకుండానే లోపల రక్తం నిండవచ్చు. ఎమ్మారై సున్నితమైనదే, కానీ నెమ్మది. ఒంట్లో లోహం ఉంటే చిక్కు, మత్తులో ఉన్న రోగిని అంతసేపు అందులో ఉంచడం కష్టం. జీఎఫ్ఏపీ, యూసీహెచ్-ఎల్1 అనే ప్రొటీన్లను కొలిచే రక్తపరీక్షకు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. అది స్వల్ప దెబ్బల్లో సీటీ అక్కర్లేనివాళ్లను వేరుచేయడానికే. ఫలితం పాజిటివ్ అయితే ఎలాగూ స్కాన్ తీయాలి.

అసలు అందరికీ స్కాన్ అవసరమా? కాదు. తల సీటీకి సుమారు 2 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్, అంటే ప్రకృతిలో మనకు దాదాపు ఏడాదిలో తగిలేంత. పెద్దవాళ్లకు ఇది భయపడాల్సిన మోతాదు కాదు. పసిపిల్లలకు మాత్రం ఆలోచించి తీయాలి. దెబ్బతో స్పృహ తప్పిన, జ్ఞాపకం పోయిన, లేదా అయోమయంలో పడిన పెద్దవాళ్ల కోసం 2001లో వచ్చిన కెనడా నియమం పనికొస్తుంది. రెండు గంటల తర్వాత కూడా స్పృహ పూర్తిగా తేరుకోకపోవడం, పుర్రె లోపలికి నొక్కుకుపోయిందన్న అనుమానం, పుర్రె అడుగు చిట్లిన గుర్తులు, రెండు లేదా అంతకంటే ఎక్కువ వాంతులు, 65 ఏళ్లు లేదా అంతకు పైబడిన వయసు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా స్కాన్ తీయాలి. పుర్రె అడుగు చిట్లిన గుర్తులంటే రెండు కళ్ల చుట్టూ నల్లగా కమలడం, చెవి వెనక కమిలిన మచ్చ, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీళ్లలా కారడం. ఫిట్స్ వచ్చినవాళ్లకూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకూ ఈ నియమం వర్తించదు. వాళ్లకు స్కాన్ విషయంలో తటపటాయించకూడదు. పిల్లలకు లెక్క వేరు. రెండేళ్లలోపు బిడ్డ మూడడుగుల పైనుంచి పడినా, నుదురు కాకుండా పక్కన లేదా వెనక బొప్పి కట్టినా, 'మా పాప రోజూలా లేదు' అని తల్లి అన్నా డాక్టరు ఆ మాటను గుర్తుగానే తీసుకోవాలి. వెంటనే స్కాన్ తీయాలా, కొన్ని గంటలు కనిపెట్టి చూడాలా అన్నది ఆ తర్వాతి నిర్ణయం.

స్కాన్ కంటే ఎక్కువ మార్కులు పడాల్సింది మంచం పక్కన జరిగే పనికి. స్పృహ ఎంత ఉందో అంకెల్లో కొలవడానికి 1974లో టీస్‌డేల్, జెనెట్ అనే డాక్టర్లు ఇచ్చిన గ్లాస్గో స్కేలులో కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. కనిష్ఠం 3. 13 నుంచి 15 స్వల్పం, 9 నుంచి 12 మధ్యస్థం, 8 లేదా అంతకు తక్కువైతే తీవ్రం. అలాంటి రోగికి ఊపిరి గొట్టం వేసే ఏర్పాటు చూడాలి. శ్రద్ధగల వార్డులో నర్సు 15కి చేరిన రోగిని కూడా రెండు గంటలపాటు అరగంటకోసారి, తర్వాత నాలుగు గంటలు గంటకోసారి, ఆపైన రెండు గంటలకోసారి చూస్తుంది. టార్చి వేసి రెండు కనుపాపలూ సమానంగా ముడుచుకుంటున్నాయా అని చూసి షీటు మీద రాస్తుంది. మొత్తం అంకెతో పాటు మూడు విడి అంకెలూ రాయాలి. కదలిక ఒక్క మెట్టు దిగినా మొత్తంలో కొట్టొచ్చినట్టు కనిపించకపోవచ్చు.

చికిత్సలో ఆపరేషన్ కొందరికే. మిగతావాళ్లకు మెదడుకు రెండో దెబ్బ తగలకుండా చూడటమే వైద్యం. ఆక్సిజన్ పడిపోకూడదు, బీపీ పడిపోకూడదు. 15 నుంచి 49 ఏళ్ల మధ్యవాళ్లకు పై బీపీ 110కి తగ్గకూడదు. వెన్నుకు దెబ్బ లేదని తేలాక తల వైపు 30 డిగ్రీలు ఎత్తుతారు. పుర్రె లోపలి ఒత్తిడి 22 మి.మీ. మెర్క్యురీ దాటితే దాన్ని తగ్గించడానికి మానిటాల్ గానీ గాఢమైన ఉప్పు ద్రావణం గానీ ఎక్కిస్తారు. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇవ్వాలనుకుంటే మూడు గంటల్లోపే: 10 నిమిషాల్లో ఒక గ్రాము, తర్వాత 8 గంటల్లో ఇంకో గ్రాము. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాత్రం వద్దు. వాపు తగ్గుతుందని ఒకప్పుడు ఇచ్చేవారు. పదివేల మంది రోగులతో జరిపిన క్రాష్ పరిశోధన 2004లో వాటివల్ల మరణాలు పెరిగాయని తేల్చింది. ఇప్పటికీ ఎక్కడైనా తలదెబ్బకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రాస్తే ఎందుకని అడగాలి.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం కూడా ఈ సేవలో భాగమే, చాలాచోట్ల బలహీనమైన భాగం. మొదటి 24 గంటలు పక్కన పెద్దవాళ్లు ఒకరుండాలి. నిద్రపోనివ్వచ్చు, కానీ లేపితే మామూలుగా లేచి మాట్లాడాలి. నొప్పికి పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ సొంతంగా వేసుకోవద్దు. తలనొప్పి పెరుగుతూ పోవడం, మళ్లీ మళ్లీ వాంతులు, మాట తడబడటం, ఒకవైపు బలహీనత, ఫిట్స్, లేపినా లేవకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే తిరిగి రావాలి. కంకషన్‌కు ఒకటి రెండు రోజుల విశ్రాంతి, ఆపైన మెల్లగా పనిలోకి. చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెడితే కోలుకోవడం ఆలస్యమవుతుంది. దెబ్బ తగిలిన రోజే మళ్లీ ఆటలోకి దిగడం ఎవరికీ కుదరదు.

ఆ కాగితంలో తరచుగా ఉండని వాక్యం ఒకటి, వయసు మళ్లినవాళ్ల కోసం: దెబ్బ తగిలిన మూడు నాలుగు వారాలకు నడక తూలడం, మతిమరుపు, పగలంతా మగత, ఒకవైపు చెయ్యి పట్టు తప్పడం మొదలైతే, మొదటి స్కాన్ నార్మల్ అయినా సరే రెండోసారి తీయాలి. పాతబడిన సబ్‌డ్యూరల్ రక్తాన్ని పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి బయటికి తీస్తారు, చాలామంది బాగా కోలుకుంటారు. ఆ రోజు పోల్చి చూడటానికి మొదటి స్కాన్ కావాలి. రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, బొమ్మలున్న సీడీ కూడా అడిగి తీసుకుని దాచిపెట్టండి.