అభ్యర్థి ఫోన్ నంబరు దొరికే చోటు: ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్‌పై ఒక ఓటరు సమీక్ష

2024 ఏప్రిల్ నెలాఖరున, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకీ లోక్‌సభకూ ఎన్నికలు జరగబోతున్న రోజులలో, మా ఊరి రైతులం పదకొండు మందిమి కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాము. మాది నెల్లూరు జిల్లా జలదంకి మండలం. మా పొలాలు కాలువ చివరన ఉన్నందువల్ల, ఎగువన పూడిక తీస్తే తప్ప మా తూము దాకా నీరు చేరదు. అందుకని, పోటీలో ఉన్న ప్రతి అభ్యర్థికీ నేరుగా ఫోన్ చేసి, గెలిస్తే ఈ పూడిక సంగతి ఏం చేస్తారని ఒకే ప్రశ్న అడగాలనీ, వచ్చిన జవాబులను నోటు పుస్తకంలో రాసి రచ్చబండ దగ్గర చదివి వినిపించాలనీ అనుకున్నాము. ప్రచార రథం మా ఊరిలో ఆగేది ఐదు నిమిషాలు, ఆ మైకుల హోరులో, పూలదండల తోపులాటలో కాలువ మాట ఎత్తే వీలుండదు. ఫోన్ నంబర్లు సంపాదించే పని నాకు అప్పగించారు. ఆ పనిలో నాకు ఎదురైన అనుభవమే ఈ సమీక్ష.

నంబర్లు దొరకడం సులభమని మొదట అనుకున్నాను. ఊరంతా ఫ్లెక్సీలే, ప్రతి ఫ్లెక్సీ కింద ఒక నంబరు ఉండనే ఉంది. అయితే అది ఫ్లెక్సీ కట్టించిన అభిమానిది గాని అభ్యర్థిది కాదు. ఇంటింటికీ పంచిన కరపత్రం అడుగున చిన్న అక్షరాలలో ఉన్న నంబరుకు చేస్తే ప్రింటింగ్ ప్రెస్ వారు ఎత్తారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవారి పేరూ చిరునామా, ప్రచురించినవారి పేరూ చిరునామా తప్పనిసరిగా ఉండాలి. ఆ నిబంధన ప్రకారం వేసిన వివరాలనే మేము అభ్యర్థి వివరాలని పొరబడ్డాము.

ఆ తరువాత ఇంటర్నెట్‌లో వెతికాను. నాయకుల నంబర్లన్నీ ఒకే చోట ఉన్నాయని చెప్పుకునే ఒక వెబ్‌సైటు కనిపించింది. దాని పేరు ఇక్కడ రాయను. రుసుము కడితే నియోజకవర్గం మొత్తం జాబితా పంపుతామన్నారు. కట్టాను. వచ్చిన జాబితాలో ఇద్దరు అభ్యర్థుల ఎదుట ఒకే నంబరు ఉంది. మరొక నంబరుకు చేస్తే వేరే జిల్లాలో ఒక స్టీలు సామాన్ల దుకాణం యజమాని ఎత్తి, ఆ వారంలో అలాంటి ఫోన్లు తనకు చాలా వచ్చాయని ఎంతో ఓపికగా చెప్పాడు. ఏ సంబంధమూ లేని ఒక మనిషికి ఎన్నికల రోజులలో అంత ఇబ్బంది కలిగించినందుకు నేను సిగ్గుపడ్డాను. డబ్బు పోయిందన్న బాధకంటే అదే నన్ను ఎక్కువగా బాధించింది. అటువంటి సైట్లలో నంబరు ఎక్కడి నుంచి తెచ్చారో, ఎప్పుడు సరిచూశారో రాసి ఉండదు. ఆ రెండూ రాయని జాబితాకు ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దని నా గట్టి సలహా.

సరైన దారి చూపినది కావలిలో చదువుకుంటున్న మా మేనల్లుడు. భారత ఎన్నికల సంఘం నడిపే అభ్యర్థుల అఫిడవిట్ పోర్టల్‌ను వాడు తన ఫోన్‌లో తెరిచి, “మామా, వాళ్ల నంబరు వాళ్లే ప్రమాణం చేసి రాసిచ్చారు, చూడు” అన్నాడు. అసెంబ్లీకి గాని లోక్‌సభకు గాని నామినేషన్ వేసే ప్రతి అభ్యర్థీ ఫారం 26 అనే అఫిడవిట్ సమర్పించాలి. ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసులు, చదువు అందులో ఉంటాయని అందరికీ తెలుసు, పత్రికలు రాసేదీ వాటి గురించే. అయితే వాటికంటే ముందు, మొదటి పేజీలోనే మూడో అంశంగా, అభ్యర్థిని సంప్రదించవలసిన టెలిఫోన్ నంబరు, ఈమెయిల్, సామాజిక మాధ్యమ ఖాతాలు రాయవలసిన వరుస ఉంటుంది. పోర్టల్‌లో ఎన్నిక, రాష్ట్రం, నియోజకవర్గం ఎంచుకుంటే అభ్యర్థుల ఫోటోలతో జాబితా వస్తుంది. ఒక్కొక్కరి పేరు కింద వివరాలు తెరిస్తే తండ్రి లేదా భర్త పేరు, చిరునామా, వయసు కనిపిస్తాయి. ఫోన్ నంబరు మాత్రం ఆ పేజీలో ఉండదు. అఫిడవిట్‌ను దింపుకుని తెరిస్తేనే దొరుకుతుంది. చాలామంది ఆ ముందు పేజీ చూసి, నంబరు లేదనుకుని వెనక్కి వెళ్లిపోతారు. ఖాతా తెరవనక్కరలేదు, పైసా కట్టనక్కరలేదు.

నియోజకవర్గం ఎంచుకునే చోట మా జిల్లా వారు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. జలదంకి వారికి సంతకు వెళ్లాలన్నా ఆసుపత్రికి వెళ్లాలన్నా కావలి దగ్గర, కాని మా మండలం ఉదయగిరి అసెంబ్లీ నియోజకవర్గంలో ఉంది. నాకంటే ముందు ఇదే పని మొదలుపెట్టిన మా పక్కింటాయన కావలి అభ్యర్థుల నంబర్లు శ్రద్ధగా రాసుకుని కూర్చున్నాడు. సర్వేపల్లి వారిది ఇంకా చిక్కు: జిల్లా నెల్లూరే అయినా వారు ఓటు వేసే పార్లమెంటు స్థానం తిరుపతి. ప్రకాశం జిల్లా సంతనూతలపాడు వారు ఒంగోలు పక్కనే ఉన్నా బాపట్ల లోక్‌సభ స్థానానికి ఓటు వేస్తారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి గాని నియోజకవర్గాల హద్దులు మారలేదు. అందువల్ల ఓటరు గుర్తింపు కార్డు చేతిలో పెట్టుకుని, దాని మీద ఉన్న అసెంబ్లీ నియోజకవర్గం పేరు చూసి వెతకడమే క్షేమం.

జాబితా వచ్చిన తరువాత రెండో జాగ్రత్త అవసరం. ఆ ఎన్నికకు ఏప్రిల్ 18న నోటిఫికేషన్ వచ్చి, 25 వరకు నామినేషన్లు తీసుకుని, 26న పరిశీలన జరిపి, 29 వరకు ఉపసంహరణకు గడువిచ్చారు. పోలింగ్ మే 13న. పోర్టల్‌లో నామినేషన్ వేసిన వారందరూ కనిపిస్తారు. తిరస్కరణకు గురైనవారు, ఉపసంహరించుకున్నవారు, అసలు అభ్యర్థి నామినేషన్ చెల్లకపోతే పనికొస్తుందని డమ్మీగా వేసిన కుటుంబ సభ్యులు కూడా అందులో ఉంటారు. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల వరకు నామినేషన్ పత్రాలు వేయవచ్చు గనుక ఒకే ముఖం రెండు మూడు సార్లు ఎదురవుతుంది. మన వైపు పెద్ద పార్టీ అభ్యర్థి పేరే ఉన్న స్వతంత్రులు బరిలో ఉండడం కూడా కొత్త కాదు. కాబట్టి పేరు ఒక్కటే చూసి ఆగిపోకుండా ఫోటో, పార్టీ, తండ్రి పేరు సరిచూసుకోవాలి, చివరికి పోటీలో నిలిచినవారినే లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్ 29 సాయంత్రం దాటిన తరువాత వెతికితే ఈ గందరగోళం సగం తగ్గుతుంది.

ఇక అఫిడవిట్ మొదటి పేజీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది కాగితాన్ని స్కాన్ చేసిన బొమ్మ. అందువల్ల అందులోని నంబరు గూగుల్‌లో పేరు కొట్టి వెతికితే దొరకదు, వేలితో నొక్కి కాపీ చేసుకోవడమూ కుదరదు, కంటితో చదివి చేత్తో రాసుకోవలసిందే. మాకు కావలసిన ఒక అఫిడవిట్‌లో నోటరీ వేసిన ఊదారంగు గుండ్రని ముద్ర సరిగ్గా నంబరు చివరి అంకెల మీద పడింది. ఎంత పెద్దది చేసి చూసినా చివరి నుంచి రెండో అంకె మూడా, ఎనిమిదా అన్నది తేలలేదు. మా మేనల్లుడు మూడంటాడు, నేను ఎనిమిదంటాను. అప్పుడు అదే అభ్యర్థి మరొక సెట్టుతో జతచేసిన అఫిడవిట్ తెరిచాము. అందులో ముద్ర పక్కకు పడింది, అంకె మూడే. సెట్లు ఎక్కువగా ఉండడం వల్ల కలిగిన మేలు ఇది. ఎవరికైనా ఇదే చిక్కు వస్తే ఊహించి ఫోన్ చేయకుండా ఈ ఉపాయం వాడాలి, లేకపోతే మరొక స్టీలు సామాన్ల దుకాణాయనను ఇబ్బంది పెట్టినవారమవుతాము.

ఈ నంబరును నమ్మవచ్చునా అని మా ఊరి పెద్దలు అడిగారు. మిగిలిన ఏ చోటికన్నా ఎక్కువగా నమ్మవచ్చునని నేను చెబుతాను. అభ్యర్థుల వివరాలు తెలుసుకోవడం ఓటరు హక్కు అని సుప్రీంకోర్టు 2002 మే 2న తీర్పు ఇచ్చింది. ఆ హక్కును తగ్గించేందుకు ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేర్చిన 33బీ సెక్షన్‌ను 2003 మార్చి 13న కొట్టివేసింది. అఫిడవిట్‌లో గడులు ఖాళీగా వదలడం కుదరదనీ, అడిగినా పూరించకపోతే రిటర్నింగ్ అధికారి నామినేషన్‌ను తిరస్కరించవచ్చుననీ 2013 సెప్టెంబరులో మరొక తీర్పు వచ్చింది. అఫిడవిట్‌లో తప్పుడు సమాచారం ఇస్తే అదే చట్టం 125ఏ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇంత వెనుబలం ఉన్న నంబరు ఏ ప్రైవేటు జాబితాలోనూ ఉండదు. ఓటరు చదవడానికే దానిని రాయించారన్న మాట మా ఊరిలో ఎవరికీ తెలియకపోవడం నాకు చాలా బాధ కలిగించింది.

మిగిలిన సాధనాలను కూడా చూశాను. ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) అనే స్వచ్ఛంద సంస్థ నడిపే మైనేత సైటు ఆస్తులను, కేసులను, చదువును పట్టికలుగా చూపడంలో చాలా ఉపయోగకరం. ఒక అభ్యర్థి పాత ఎన్నికలలో ఏం ప్రకటించాడో పోల్చి చూడాలంటే దానికి మించినది లేదు. ఫోన్ నంబరు కోసమైతే అక్కడి నుంచి కూడా అసలు అఫిడవిట్ తెరవవలసిందే. అభ్యర్థుల వివరాలు చూపేందుకు ఎన్నికల సంఘం తెచ్చిన కేవైసీ (నో యువర్ క్యాండిడేట్) యాప్ అప్పట్లో చిన్న ఫోన్ ఉన్నవారికి సౌకర్యంగా ఉండేది. ఓటర్ల సహాయం కోసం ఉన్న 1950 ఫోన్ నంబరు ఓటరు జాబితా, పోలింగ్ కేంద్రం వంటి సందేహాలకు పనికొస్తుంది గాని ఈ పనికి కాదు. ఇంటర్నెట్ పొసగని పెద్దవారికి మరొక దారి ఉంది. చట్టం ప్రకారం రిటర్నింగ్ అధికారి కార్యాలయంలో అఫిడవిట్ నకలును అందరికీ కనిపించేలా అంటించాలి, అక్కడికి వెళ్లి చదువుకోవచ్చు.

పోర్టల్‌కు నేను ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఉచితం, అసలు పత్రం, అందరికీ ఒకే తీరు. ఒక మార్కు తగ్గించడానికి కారణం, ఆ నంబరు బొమ్మ లోపల ఉండిపోవడం. అభ్యర్థే స్వయంగా ప్రకటించిన ఆ ఒక్క వరుసను పేరు, వయసు, చిరునామా ఉన్న ముందు పేజీలోకే తెచ్చి తెలుగులో కూడా చూపిస్తే, మా ఊరి పెద్దవారు మేనల్లుళ్ల కోసం ఎదురు చూడనవసరం లేదు.

నంబర్లు రాసుకున్నాక ఫోన్లు చేయడం మే నెల మొదటి వారంలో మొదలుపెట్టాము. పగలు చేసిన ఫోన్లన్నీ వృథా అయ్యాయి. ఎత్తినవారు పీఏలో బంధువులో, “అన్న ప్రచారంలో ఉండారు సార్” అనేవారు. అప్పుడు పద్ధతి మార్చి, ఊరి పేరు, ఎంతమంది రైతుల తరఫున అడుగుతున్నామో, ప్రశ్న ఏమిటో, అన్నీ నాలుగు వరుసలలో తెలుగులో సందేశంగా పంపి, రాత్రి తొమ్మిది దాటాక ఒక్కసారి మాత్రమే ఫోన్ చేశాము. ఇద్దరు సందేశానికి జవాబిచ్చారు. ఒక అభ్యర్థి తానే తిరిగి ఫోన్ చేసి, పూడిక ఏ తూము దగ్గర మొదలైందో, ఎన్ని ఎకరాలు దెబ్బతింటున్నాయో అడిగి తెలుసుకుని, నాలుగు నిమిషాలు మాట్లాడారు. ఒక స్వతంత్ర అభ్యర్థి మొదటి రింగుకే ఎత్తి, నామినేషన్ వేసిన తరువాత ఓటరు అంటూ తనకు ఫోన్ చేసినది మేమేనని చెప్పారు. మిగిలినవారి పేర్ల ఎదుట జవాబు రాలేదని తేదీ, సమయంతో సహా రాసుకున్నాము. మే 10న అన్నీ యథాతథంగా చదివి వినిపించాము. ఆ నంబర్లను వాట్సాప్ గ్రూపులలో పెట్టమని కొందరు కుర్రవాళ్లు అడిగారు గాని నేను ఇవ్వలేదు. కావలసినవారు అఫిడవిట్ తెరిచి తామే చూసుకునే వీలుంది, గ్రూపులో పెడితే ఆ రాత్రి నుంచే ఆ ఫోన్లు పనికిరాకుండా పోతాయి.

ఎన్నికల తరువాత ఈ నంబర్లు ఎంతకాలం పనిచేస్తాయనేది మనిషిని బట్టి ఉంటుంది. ఎన్నికల కోసమే తీసుకున్న సిమ్ములు ఫలితాల తరువాత మూగబోతాయి. జూన్ 4 తరువాత మేము చేసినప్పుడు రెండు నంబర్లు పనిచేయలేదు. గెలిచిన ఎంపీల విషయంలో పార్లమెంటు వెబ్‌సైటులోని సభ్యుల పేజీలో చిరునామా, టెలిఫోన్ వివరాలు ఉంటాయి, వాటిని వాడడం మేలు.

సర్పంచి, ఎంపీటీసీ అభ్యర్థుల కోసం కూడా ఇదే పోర్టల్‌లో వెతుకుతున్నామని ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు. అక్కడ దొరకవు. పంచాయతీ, మండల, జిల్లా పరిషత్ ఎన్నికలను నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, అది భారత ఎన్నికల సంఘానికి చెందినది కాదు, దాని కాగితాలు వేరు. ఆ అభ్యర్థుల ఇల్లు మాత్రం మనకు నాలుగు వీధుల అవతలే గనుక, నోటు పుస్తకం పట్టుకుని నడిచి వెళ్లవచ్చు.