ఈథ్‌టూల్: లైనక్స్‌లో లింకు స్పీడు ఎందుకు పడిపోయిందో పట్టిచ్చే టూల్

గిగాబిట్ కార్డు ఉన్నా ఫైలు కాపీ సెకనుకు 11 మెగాబైట్లు దాటట్లేదంటే, లింకు వంద మెగాబిట్లకు పడిపోయిందనే ముందుగా అనుమానించాలి. సంగతి తేల్చడానికి ఈథ్‌టూల్ కంటే మంచి టూల్ లేదు. సుడోతో (అంటే అడ్మిన్ హక్కులతో) నడిపి, పక్కన ఇంటర్‌ఫేస్ పేరు ఇస్తే చాలు.

చాలామంది స్పీడు, డూప్లెక్స్ వరుసలు చూసి ఆగిపోతారు (డేటా ఒకేసారి రెండు వైపులా నడిస్తే ఫుల్ డూప్లెక్స్, వంతులవారీగా ఒక్కో వైపే నడిస్తే హాఫ్). అసలు విషయం ఉండేది 'లింక్ పార్ట్‌నర్ అడ్వర్టైజ్డ్' వరుసలో, అంటే అవతలి స్విచ్ తాను ఏయే స్పీడ్లు ఇవ్వగలనని ప్రకటిస్తోందో చెప్పే చోట. అక్కడ వెయ్యి (మెగాబిట్లు, అంటే గిగాబిట్) కనిపించకపోతే ముందు స్విచ్ వైపు చూడండి. రెండు వైపులా వెయ్యి ఉండి స్పీడు మాత్రం వంద చూపిస్తే, కేబుల్‌నే పట్టుకోండి. వందకు 1, 2, 3, 6 పిన్నుల మీది రెండు జతలు చాలు, వెయ్యికి నాలుగు జతలూ కావాలి. 4, 5, 7, 8లో ఒక్క తీగ కనెక్టర్‌లో సరిగా క్రింప్ కాకపోయినా (బిగుసుకోకపోయినా) చాలా కార్డులు చప్పుడు చేయకుండా వందకు దిగిపోతాయి.

మైనస్ చిన్న ఎస్ ఆప్షన్‌తో స్పీడు మార్చొచ్చు. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఆటోనెగ్ (రెండు వైపులా తమలో తామే స్పీడు, డూప్లెక్స్ కుదుర్చుకునే పద్ధతి) ఆఫ్ చేసి వంద, ఫుల్ డూప్లెక్స్ అని బిగించారనుకోండి. ఆటోలో ఉన్న అవతలి స్విచ్‌కు స్పీడు తెలుస్తుంది గానీ డూప్లెక్స్ తెలియదు, అందుకని హాఫ్ డూప్లెక్స్‌కు వెళ్తుంది. పింగ్ బాగానే వస్తుంది, లోడ్ పడగానే నత్తనడక. మైనస్ పెద్ద ఎస్‌తో కౌంటర్లు తీస్తే మీ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు (పాడై వచ్చిన డేటా లెక్క) పెరుగుతుంటాయి, స్విచ్ వైపు లేట్ కొలిజన్లు (పంపడం చాలావరకు అయ్యాక ఆలస్యంగా జరిగే ఢీకొట్టుకోళ్లు). స్పీడు తగ్గించక తప్పదంటే ఆటోనెగ్ ఆన్‌లోనే ఉంచి స్పీడు 100, డూప్లెక్స్ ఫుల్ ఇవ్వండి. అప్పుడు కార్డు ఆ ఒక్క మోడ్‌నే ప్రకటిస్తుంది, అవతలి వైపూ సరిగ్గా కుదురుకుంటుంది. రాగి తీగ మీద వెయ్యికైతే ఆటోనెగ్ ఆపే ప్రశ్నే లేదు, స్టాండర్డ్ ప్రకారం అది తప్పనిసరి.

లోపాలూ ఉన్నాయి. రీబూట్ చేస్తే సెట్టింగులన్నీ పోతాయి. నిలవాలంటే లైనక్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు దాచే నెట్‌వర్క్‌మేనేజర్ ప్రొఫైల్‌లోనో, సిస్టమ్‌డీ లింక్ ఫైల్‌లోనో రాసుకోవాల్సిందే. కౌంటర్ల పేర్లు ఒక్కో డ్రైవర్‌కు ఒక్కోలా ఉండటం నిజంగా చిరాకు.

కెర్నల్ 5.8 నుంచి కేబుల్ టెస్ట్ కూడా వచ్చింది. డ్రైవర్ సపోర్ట్ ఉంటే ఏ జత తెగిందో, ఎన్ని మీటర్ల దగ్గరో చెబుతుంది. కేబుల్ మార్చాక ఐపెర్ఫ్3 (రెండు కంప్యూటర్ల మధ్య స్పీడు కొలిచే టూల్) నడపండి: గిగాబిట్ లింకు మీద 940 మెగాబిట్ల దాకా రావాలి. 94 దగ్గరే ఆగితే ఇంకా వందలోనే ఉన్నట్టు.