పది మంది, మూడు పీఎన్‌ఆర్‌లు: గుంతకల్లు నుంచి కడప దాకా

మా నాన్న గుంతకల్లులో రైల్వేలో 30 ఏళ్ళకు పైగా పని చేసి రిటైరయ్యాడు. తమ్ముడు కూడా రైల్వేలోనే. మా ఇంట్లో ఎక్కడికైనా పోదామంటే టికెట్టు ఎంత అని ఎవరూ అడగరు, పాసు రాయించావా అంటారు. రైల్వే వాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు టికెట్టు కొనకుండా పోవడానికి ఇచ్చేదే ఈ పాసు. నా పేరు మాత్రం పెళ్లితోనే నాన్న పాసులోంచి పోయింది. పెళ్లి కాని కూతురైతే వయసుతో పని లేకుండా ఉంచుతారు గానీ, పెళ్లయ్యాక టికెట్టు కొనుక్కోవాల్సిందే.

ఈసారి అందరం కలిసి తాడిపత్రి, గండికోట, ఒంటిమిట్ట చూసొద్దామనుకున్నాం. అమ్మానాన్నా రిటైర్మెంటు పాసు మీద, తమ్ముడి కుటుంబం నలుగురూ వాడి పాసు మీద, మేం నలుగురం డబ్బులు పెట్టి. నా చిన్నోడికి నాలుగేళ్ళే, వాడికి టికెట్టు అక్కర్లేదు. పెద్దదానికి పదేళ్ళు. బెర్తు కావాలంటే పూర్తి చార్జీ, వద్దంటే సగం.

నాన్న మొదట్లోనే అడ్డం పడ్డాడు. "ఢిల్లీ దాకా పోయే పాసును కడపకు కొడ్తారా?" ఆయన బాధ ఆయనది. ఏడాదికి వచ్చేది రెండు సెట్లు, సెట్టంటే ఒకసారి పోయి రావడానికి. తమ్ముడికైతే మూడు సెట్లు, అవి కాక నాలుగు పీటీఓలు. పీటీఓ అంటే చార్జీలో మూడో వంతు కట్టి పోవడం. "దగ్గరి ఊర్లకు పీటీఓ వాడు, పాసు దాచుకో" అని నాన్న చెప్తూనే ఉన్నాడు, వాడు వింటేనా! నాన్న చెప్పిందే కరెక్టని ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

పాసులు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే వస్తాయి. పాసు నంబరు, దాంతో పాటు ఓటీపీ ఉంటే కౌంటర్లో రిజర్వేషన్ చేస్తారు. నాన్న పాసుకు తమ్ముడు కౌంటరు దగ్గరికి పోయినాడు. ఓటీపీ చూస్తే అమ్మ డబ్బా ఫోన్లో ఉన్న పాత సిమ్ముకు పోయింది. ఆ ఫోను ఇంట్లో బియ్యం డబ్బా మీద ఉంది. అమ్మకు మెసేజి తెరవడం రాదు. పక్కింటి పిల్లాణ్ణి పిలిచి చదివించేలోపు వెనకున్న పది మంది తమ్ముణ్ణి తిట్టుకున్నారు. ప్రయాణం అనుకున్న రోజే ముందు ఏ నంబరు ఎక్కించి ఉందో చూసుకోండి.

రెండో చిక్కు తరగతి. నాన్న పాసు స్లీపరుది, తమ్ముడిది ఏసీది. మేం నాన్నతో ఉందామని స్లీపరు తీసుకున్నాం. అయినా పీఎన్‌ఆర్‌లు వేరు కాబట్టి ఒకే పెట్టెలో వేర్వేరు చోట్ల పడ్డాయి. తమ్ముడి పిల్లలకేమో నా పిల్లలతోనే కూర్చోవాలని ఏడుపు. అమ్మ ఉగ్గాని పొట్లాలు ఒక సంచిలో, మిరపకాయ బజ్జీలు ఇంకో సంచిలో పెట్టుకుని ఏసీ పెట్టె వైపు బయల్దేరింది. మధ్యలో తలుపు వేసి ఉంది. ఫోన్ చేస్తే తమ్ముడు గుత్తిలో దిగి, పరిగెత్తుకుంటూ వచ్చి కిటికీలోంచి బజ్జీలు అందుకుని పోయినాడు. ఉగ్గాని మా దగ్గరే ఉండిపోయింది.

పాసుకు ఒక మేలుంది, దారిలో దిగొచ్చు. రాయించుకునేటప్పుడే తాడిపత్రి, ముద్దనూరు బ్రేక్ జర్నీగా పెట్టించుకున్నారు. మా టికెట్టుకు ఆ సౌకర్యం లేదు. మామూలు టికెట్టు మీద మధ్యలో దిగాలంటే 500 కిలోమీటర్లు దాటాలి, గుంతకల్లు నుంచి కడప అందులో సగం కూడా లేదు. అందుకని ఒక్కో ముక్కకు ఒక్కో టికెట్టు కొన్నాం. ఖర్చు పెద్దదేం కాదు, క్యూలే విసుగు.

తాడిపత్రికి సగం రోజు చాలనుకుంటే పొరపాటే. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి గోపురాలు పూర్తికాకుండా మొండిగా నిలబడి ఉన్నాయి. ఆ మొండి రాయి మీద చెక్కడాలు చూస్తూ నాన్న గంట సేపు కదల్లేదు. చింతల వెంకటరమణుడి గుడిలో రాతి రథం పిల్లలకు నచ్చింది. బస్టాండు వైపు ఒక లాడ్జిలో స్నానాలకని రెండు గదులు తీసుకున్నాం. నీళ్ళు సన్నంగా కారుతున్నాయి, అయినా పూర్తి అద్దె గుంజాడు. బెలుం గుహలు అక్కడికి దగ్గరే గానీ, లోపల ఉక్క, మెట్లు, పైగా నాన్న మోకాళ్ళు. వదిలేశాం.

ముద్దనూరులో అన్ని బండ్లూ ఆగవు, ముందే చూసుకోవాలి. అక్కణ్ణుంచి జమ్మలమడుగు మీదుగా గండికోటకు తుఫాన్ బండి మాట్లాడుకున్నాం. పెన్న ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన ఆ లోయ అంచున నిలబడితే పిల్లలు కూడా నోరు మూసుకున్నారు. రాత్రికి తమ్ముడి మాట విని ప్రైవేటు టెంట్లలో దిగాం. అన్ని టెంట్లకూ కలిపి ఒకే బాత్‌రూము. రాత్రంతా గాలికి టెంటు గుడ్డ టపటపా కొట్టుకుంటూనే ఉంది, అమ్మ కన్ను మూయలేదు. పొద్దున లోయ మీద ఎండ పడ్డప్పుడు మాత్రం టెంటు తిట్లన్నీ మర్చిపోయింది. కుర్రకారైతే టెంట్లు బాగుంటాయి. పెద్దవాళ్ళు ఉంటే పర్యాటక శాఖ వాళ్ళ హరిత హోటల్లో ముందే గది చేసుకోండి.

కడపలో స్టేషను దగ్గర దిగాం. గదులు మామూలువే గానీ శుభ్రంగా ఉన్నాయి. ఈ ప్రయాణంలో నాకు నచ్చిన బస అదే. పొద్దున కారం దోసె తిని, 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒంటిమిట్టకు పోయాం. సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే రాతిలో ఉంటారు, పక్కన హనుమంతుడు ఉండడు. పిల్లలు "హనుమంతుడేడి" అని అడిగారు. ఇంకా రాముణ్ణి కలవక ముందు సంగతమ్మా ఇది అని అమ్మ చెప్పింది.

తిరుగు రైల్లో టీసీ నాన్న పాసు, గుర్తింపు కార్డు చూసి, "గుంతకల్లేనా సార్, ఏ డిపార్ట్‌మెంటు?" అని పలకరించాడు. నాన్న అరగంట సేపు మాట్లాడాడు. మా టికెట్లు అడగడం కూడా మర్చిపోయాడా టీసీ. తర్వాత నాన్న పాసు ప్రింటవుటును మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటూ తమ్ముడి వైపు చూశాడు.

"ఇంకొక సెట్టుంది. అది మీ అమ్మకు కాశీకి. ఎవురూ అడగొద్దు."