డెక్ మీద పాకుడు: ప్రెషర్ వాషర్ మేలా, బ్రష్షు మేలా?

వానలు తెరిపి ఇవ్వగానే విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి నాకు వచ్చే ప్రశ్న ఏటా ఒకటే. డాబా మీదో, పెరటి గుమ్మం ముందో ముచ్చటపడి వేయించుకున్న డబ్ల్యూపీసీ డెక్ (చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపిన పలకలు పరిచిన నేల) నల్లబడింది, పాకుడు పట్టి కాలు జారుతోంది. నీటిని గట్టి ధారగా చిమ్మే ప్రెషర్ వాషర్ కొనాలా, బ్రష్షూ సబ్బునీళ్లూ చాలా?

నా మొగ్గు బ్రష్షు వైపే. అలాగని యంత్రాన్ని తీసిపారేయలేను. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన జిల్లాలు మనవి. గట్టి తుపాను వెళ్లాక పలకల సందుల్లో ఆకుల పిప్పి, మట్టి కూరుకుపోతాయి. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరపు ఊళ్లలో ఇసుక కూడా తోడవుతుంది. దాన్ని పుల్లతో గీకి తీయడానికి పూట పడుతుంది, యంత్రం నిమిషాల్లో ఊడగొడుతుంది. నీళ్లు వృథా అన్న మాట కూడా న్యాయం కాదు. ఇంటి వాడకపు యంత్రం నిమిషానికి ఆరేడు లీటర్లు తీసుకుంటుంది. మామూలు గొట్టం వదిలేస్తే అంతకు రెట్టింపు పైనే పోతుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి నిలబడే పని కానిచ్చే సౌకర్యం సరేసరి.

అసలు తేల్చుకోవలసింది మీ పలకకు పై పొర ఉందా, లేదా అన్నది. ఈ పలకలంటే చెక్కపొట్టూ ప్లాస్టిక్కూ కలిపి పోతపోసినవే. ఖరీదైన రకాల్లో పైన మళ్లీ అచ్చంగా ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. చవక రకాల్లో ఆ తొడుగు ఉండదు, పొట్టు కలిసిన ముద్దే పైకి కనిపిస్తుంది. కోసిన అంచు చూడండి: చుట్టూ సన్నటి వేరే రంగు గీత కనిపిస్తే తొడుగు ఉన్నట్టే. కొన్నిటికి పైన మాత్రమే ఉండి అడుగున ఉండదు.

తొడుగు లేని పలక మీద నీటి ధార గట్టిగా పడితే పాకుడుతో పాటు పై ప్లాస్టిక్ కూడా లేచిపోతుంది. లోపలి చెక్కపొట్టు బయటపడి ఉపరితలం తడిసి ఆరిన అట్టలా గరుకెక్కుతుంది. ఆ గరుకులో తేమ నిలుస్తుంది, దుమ్ము పట్టుకుంటుంది, పాకుడుకు మరింత మంచి చోటు దొరుకుతుంది. కడిగిన రోజు కొత్తదానిలా మెరిసిన డెక్ తరవాతి వానాకాలానికి ముందుకన్నా త్వరగా నల్లబడటానికి కారణం ఇదే. అప్పుడు మళ్లీ యంత్రం తీస్తారు, మరో పొర పోతుంది.

తొడుగు ఉన్నా హద్దు ఉంది. తయారీదారుల లెక్కలు ఒకేలా లేవు: కొందరు నీటి ఒత్తిడి 1,500 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే లెక్క) దాటవద్దంటే, కొందరు 3,100 వరకు ఒప్పుకుంటారు. యంత్రం డబ్బా మీద 120 బార్ అని ఉంటే అది సుమారు 1,740 పీఎస్ఐ. కాబట్టి పలకల గ్యారంటీ కాగితం చదవకుండా స్విచ్చి వేయవద్దు. విసనకర్రలా పరుచుకునే ధార పెట్టి, జానెడుకు తగ్గకుండా ఎడంగా, పలక పొడవు వెంట కదపాలి. సూదిలాంటి ధార ఎంత మంచి పలక మీదైనా గీత మిగులుస్తుంది.

బ్రష్షు పని సాదాసీదా. ముందు ఈనెల చీపురుతో పొడి చెత్త ఊడ్చి, సందులు శుభ్రం చేయండి. సందు పూడుకుపోతే నీరు దిగదు, నీరు దిగని చోట ఏ మందు చల్లినా పాకుడు తిరిగి వస్తుంది. తరవాత గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం కలిపి, పొడవు పిడి ఉన్న నైలాన్ బ్రష్షుతో పలక గీతల వెంట రుద్దాలి. పొద్దుటి నీడలోనే పని ముగించండి. ఎండలో సబ్బునీరు పలక మీదే ఆరిపోతుంది, బోరు నీళ్లయితే తెల్లటి చారలు కూడా మిగులుతాయి. ఇనుప పీచు వద్దే వద్దు. విరిగిన ముక్కలు తుప్పు పట్టి చుక్కలు వేస్తాయి.

ఇక మిగతావి. బ్లీచింగ్ పౌడర్ పాకుడును చంపుతుంది, నిజమే. పలక రంగునూ వెలిసిపోయేలా చేస్తుంది, పైగా సున్నపు తెలుపు వదులుతుంది. దాన్ని యాసిడ్‌తో గానీ వెనిగర్‌తో గానీ కలిపితే విషవాయువు వస్తుంది, ఆ ప్రయోగం అసలే చేయవద్దు. బాత్రూం యాసిడ్ జోలికే పోవద్దు, చర్చ అనవసరం. నీళ్లు కలిపిన వెనిగర్ చిన్న మచ్చలకు సరిపోతుంది. ఉప్పుగాలికి కుర్చీ కాళ్లు తుప్పు పట్టి మరక పడితే ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న క్లీనర్ పనికొస్తుంది, చేతికి తొడుగులు వేసుకుని ముందు ఓ మూల పరీక్షించి చూడండి.

మన ఇళ్లలో పాకుడు కాక ఉండే బెడద దీపాల నూనె. తొడుగు లేని పలక దాన్ని లోపలికి పీల్చేస్తుంది. ఒలికిన వెంటనే కాగితంతో అద్ది, వంటసోడా చల్లి, సబ్బు వేడినీళ్లతో కడగాలి. వారం ఆగితే మచ్చ పూర్తిగా పోదు. ప్రమిదలు పళ్లెంలో పెట్టడం అన్నిటికన్నా తేలిక. పసుపు మరక సబ్బు తగిలి ఎర్రబడితే కంగారు పడనక్కర్లేదు, కడిగి ఎండకు వదిలేస్తే క్రమంగా వెలిసిపోతుంది. చిచ్చుబుడ్డి కాల్చిన చోట ప్లాస్టిక్ కరిగి పడ్డ గుంటకు మాత్రం బ్రష్షూ యంత్రమూ రెండూ పనికిరావు, ఆ పలక విప్పించి కొత్తది వేయించుకోవాల్సిందే.