బోటు బ్యాటరీ కొంటున్నారా? స్టిక్కర్ చూసి డబ్బు కట్టకండి

జూన్ 14తో సముద్రంలో చేపల వేట నిషేధం ముగుస్తుంది. ఆ వారంలో కాకినాడలో బ్యాటరీలకు గిరాకీ ఒక్కసారిగా పెరుగుతుంది. రెండు నెలలు ఛార్జింగ్ లేకుండా పడి ఉన్న బ్యాటరీలు చాలా బోట్లలో అప్పటికే చచ్చిపోయి ఉంటాయి. ఆ తొందర చూసుకుని పాత బ్యాటరీలకు కొత్త స్టిక్కర్లు వేసి అమ్ముతున్నారు. మాకూ ఒకటి అలాగే అంటగట్టారు.

మా ఇంజిన్ సెల్ఫ్ 24 వోల్టులది. అందుకని 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనుక ఒకటి కలిపి వేస్తాం. రెండూ ఒకే షాపులో, బిల్లు తీసుకునే కొన్నాం. వేటకు వెళ్లి రాత్రి లంగరు వేశాక లైట్లు, వైర్‌లెస్, జీపీఎస్ మాత్రమే వాడాం. తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే టక్ టక్ శబ్దమే, ఇంజిన్ కదల్లేదు. కాసేపటికి లైట్లూ మసకబారిపోయాయి. పోర్టుకు ఓడలు వచ్చే దారిలో లైటు లేని బోటు ఎంత ప్రమాదమో బోటు నడిపే సరంగులకు నేను చెప్పక్కర్లేదు. పక్క బోటువాళ్లు కేబుల్ వేసి స్టార్ట్ చేయించబట్టి ఒడ్డుకు చేరాం. వాళ్లకు రుణపడి ఉంటాం.

బ్యాటరీ మెకానిక్ చూస్తే అసలు సంగతి బయటపడింది. ఒక బ్యాటరీకి స్టిక్కర్ కింద ఇంకో స్టిక్కర్ ఉంది. డబ్బా మీద తయారీ తేదీ కోడ్‌ను గీకేశారు. టెర్మినళ్లు కరిగించి మళ్లీ పోసినవి. ఒక సెల్‌లో గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం, 1.150 కూడా లేదు. షాపుకు వెళ్తే ముందు మీరు నీళ్లు పోసుకోలేదన్నారు, తర్వాత వారంటీ కార్డు తీసి ఇది బండ్లకే, బోటుకు వర్తించదన్నారు. బోటుకని చెప్పే కొన్నాం. ఆ మాట బిల్లు మీద లేదు.

సిరీస్‌లో ఒకటి పాడైతే రెండోదీ పోతుంది. పాడైన సెల్ ఉన్న బ్యాటరీ తన వాటా వోల్టేజీ తీసుకోదు, ఆ భారం మంచి బ్యాటరీ మీద పడి అది ఓవర్‌ఛార్జ్ అవుతుంది, అందులో నీళ్లు మరిగిపోతాయి. అందుకే జత ఎప్పుడూ ఒకే రకం, ఒకే నెలలో తయారైనవి తీసుకోండి. పాతదాని పక్కన కొత్తది కలపొద్దు.

డబ్బు కట్టకముందే షాపులోనే చూడండి. తయారీ కోడ్ చెరిగి ఉంటే అక్కడితో వదిలేయండి. కొన్ని గంటలు ఛార్జింగ్, లోడు లేకుండా ఉంచాక మీటర్ పెడితే 12.6 వోల్టులకు తగ్గకూడదు, 12.2 ఉందంటే సగం ఖాళీ. మూతలు తెరిచే రకమైతే ఆరు సెల్స్‌లోనూ గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ పెట్టమనండి. ఒకదానికొకటి 0.050 తేడా వస్తే ఆ బ్యాటరీ పనికిరాదు. లోడు పెట్టి బ్యాటరీ బలం చూసే లోడ్ టెస్టర్ లేదన్న షాపులో నేనైతే ఇక కొనను. బిల్లు మీద సీరియల్ నంబర్, ‘బోటు వాడకానికి’ అనే మాట రాయించుకోండి. రాయం అంటే వారంటీ ఇవ్వరన్నమాటే.

ఇంకో విషయం. సెల్ఫ్ కోసం చేసిన బ్యాటరీ ప్లేట్లు పల్చగా ఉంటాయి. రాత్రంతా లైట్లకు వాడి ఖాళీ చేస్తే అది కొత్తదైనా త్వరగా పోతుంది. లైట్లకు, వైర్‌లెస్‌కు వేరే బ్యాటరీ, లావు ప్లేట్లున్న ట్యూబులర్ రకం పెట్టుకోవడం మంచిది. సెల్ఫ్ బ్యాటరీని దాని పనికే వదిలేయాలి.

బ్యాటరీ పెట్టెను బోటు అడుగున నీళ్లు నిలిచే చోట పెట్టకండి. ఉప్పునీరు సెల్స్‌లోకి పోతే యాసిడ్‌తో కలిసి క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసి ఉన్న ఇంజిన్ గదిలో అది ప్రాణం మీదకు తెస్తుంది. పోసేది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే, యాసిడ్ పోయకూడదు. నిషేధ కాలంలో వైర్లు విప్పేసి నెలకోసారి ఫుల్ ఛార్జ్ చేయిస్తే జూన్‌లో కంగారుపడి కొనే అవసరమే తగ్గుతుంది.

ఇప్పటికే మోసపోయినవాళ్లు బ్యాటరీని స్క్రాప్‌కు ఇచ్చేయకండి, అదే మీ సాక్ష్యం. స్టిక్కర్లు, కోడ్ గీకిన చోటు ఫోటోలు తీసి 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కారని షాపువాళ్లు వాదించొచ్చు. బతుకుతెరువు కోసం స్వయంగా పని చేసుకునేవాళ్లకు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది. మేమూ ఆ దారిలోనే ఫిర్యాదు చేశాం.