నొబాదియా చరిత్రకు ఏ సాక్ష్యం మేలు?

నూబియా అంటే ఇప్పటి ఈజిప్టు దక్షిణ భాగం, సూడాన్ ఉత్తర భాగం. క్రీ.శ. 4వ శతాబ్దంలో అక్కడి మెరోయె రాజ్యం కూలాక నైలు వెంబడి మూడు నూబియా రాజ్యాలు తలెత్తాయి. మధ్యలో డొంగోలా రాజధానిగా మకూరియా, దక్షిణాన సోబా రాజధానిగా అలోదియా, ఉత్తరాన నొబాదియా. అస్వాన్ దగ్గరి మొదటి జలపాతం నుంచి మూడో జలపాతం దాకా నొబాదియా నేల. తర్వాతి రోజుల్లో దాని ముఖ్యపట్టణం ఫరాస్. ఇప్పుడు అందులో చాలా భాగం నాసర్ సరస్సు అడుగున ఉంది.

ఈ రాజ్యం తన చరిత్రను తాను రాసిపెట్టుకోలేదు. మనకు మిగిలినవి గోడమీది శాసనాలు, కొన్ని ఉత్తరాలు, సమాధి దిబ్బలు, బయటివాళ్లు రాసిన మతచరిత్రలు, అరబ్బు చరిత్రకారుల కథనాలు. ఇవి ఒకదానితో ఒకటి పొసగని చోట్లు చాలానే ఉన్నాయి. అలాంటప్పుడు దేన్ని నమ్మాలి? నా మొగ్గు మొదటే చెప్పేస్తాను: ఒక పని జరగడం కోసం అప్పటికప్పుడు రాసుకున్న కాగితం, భాష ఎంత వంకరగా ఉన్నా, తీరిగ్గా అల్లిన చరిత్రకంటే మేలు. అలాగని అన్ని ప్రశ్నలకూ అదే జవాబివ్వలేదు.

సిల్కో శాసనమా, ఫోనెన్ ఉత్తరమా?

కలబ్షాలోని మండూలిస్ దేవుడి గుడి గోడమీద నొబాదుల రాజు సిల్కో గ్రీకులో ఒక విజయశాసనం చెక్కించాడు. తాల్మిస్, తాఫిస్ పట్టణాలకు వచ్చాననీ, నైలుకు తూర్పు ఎడారిలోని బ్లెమ్మీ తెగవాళ్లతో పోరాడితే దేవుడు గెలుపు ఇచ్చాడనీ, దిగువ దేశాల పాలిట తాను సింహాన్ననీ అందులో చెప్పుకున్నాడు. కలబ్షా పాత పేరే తాల్మిస్. మన రాజుల శాసనాల్లో ప్రశస్తి భాగం చదివినవాళ్లకు ఈ ధోరణి కొత్తేమీ కాదు. అందులో తేదీ లేదు, ఓడినవాళ్ల మాట లేదు.

1976లో నొబాదియాలోని కస్ర్ ఇబ్రీమ్ కోటలో దొరికిన పాపిరస్ ఆ లోటు తీర్చింది. అది బ్లెమ్మీల రాజు ఫోనెన్, నొబాదుల రాజు అబూర్నికి రాసిన ఉత్తరం. వ్యాకరణం తప్పులతడక, కొన్ని వాక్యాలకు అర్థం తేల్చడమే కష్టం. అయినా విషయం తెలుస్తుంది. మొదట సిల్కో తాల్మిస్‌ను పట్టుకున్నాడు, ఇప్పుడు నువ్వు పట్టుకున్నావు; మా భూములు తిరిగిస్తానంటే గొర్రెలు, ఆవులు, ఒంటెలు ఇచ్చాం, అయినా మాట తప్పారు; మా నాయకుడు యెనీని చంపారు. ఇదీ ఫోనెన్ గోడు.

ఒకే యుద్ధాన్ని గెలిచినవాడు గోడమీదా, ఓడినవాడు ఉత్తరంలోనూ చెప్పడం ఈ రాజ్యం విషయంలో మనకు దక్కిన అరుదైన భాగ్యం. రెండూ కలిపి చదివితే సిల్కో తర్వాత అబూర్ని వచ్చాడని తెలుస్తుంది. ఉత్తరాన్ని సుమారు 450 ప్రాంతానికి చెందినదిగా లెక్కిస్తారు. అంతకుముందు సిల్కోను 6వ శతాబ్దం దాకా దించిన పండితులున్నారు. ఉత్తరం దొరికాక ఆ లెక్క నిలవలేదు. రాజకీయ చరిత్రకు ఒక్కదాన్నే ఎంచుకోమంటే నేను ఉత్తరాన్నే ఎంచుకుంటాను. కాకపోతే అదీ ఒక పక్షం వాదనే. పశువులు ఇచ్చామన్నది ఫోనెన్ మాటే తప్ప అబూర్ని జవాబు మన దగ్గర లేదు.

సమాధులు ఎంతవరకు?

అస్వాన్ పాత ఆనకట్ట ఎత్తు పెంచుతున్నప్పుడు, నీళ్లు చేరకముందే, 1931–34 మధ్య వాల్టర్ ఎమెరీ, కిర్వాన్ బల్లానా, కుస్తుల్ దిబ్బలను తవ్వారు. నైలుకు పడమట బల్లానా, తూర్పున కుస్తుల్. పెద్ద దిబ్బలు 70 మీటర్లకు పైగా వెడల్పు. లోపల రాళ్లు పొదిగిన వెండి కిరీటాలు, మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చిన వెండి సామాన్లు, వెండి జీనుసరంజామాతో సహా పూడ్చిన గుర్రాలు, రాజుతోపాటు చంపి పెట్టిన పరిచారకులు.

సంపద, అంత్యక్రియల తీరు, మెరోయె సంప్రదాయం ఎంత మిగిలిందన్న ప్రశ్నలకు వీటిని మించిన సాక్ష్యం లేదు. కిరీటాల మీది నాగుపాములు, పొట్టేలు తల మెరోయె రాజచిహ్నాల వారసత్వాన్ని సూటిగా చూపిస్తాయి. ఏ గ్రీకు రచయితా ఈ మాట చెప్పలేదు. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. సమాధుల్లో రాజుల పేర్లు లేవు. అయినా ‘ఇది సిల్కోదే’ అని ఏదో ఒక దిబ్బకు పేరు తగిలించాలని మనసు లాగుతుంది. కాలాలు దగ్గరపడటం తప్ప దానికి ఆధారం లేదు.

మతం ఎప్పుడు మారింది?

గట్టి తగాదా ఇక్కడే. ఎక్కువమంది నమ్ముకునేది ఎఫెసస్ యోహాను సిరియాక్‌లో రాసిన మతచరిత్రను. ఆయన కథ ఇది: బైజాంటైన్ చక్రవర్తి జస్టీనియన్, క్రీస్తులో దైవ, మానవ స్వభావాలు రెండున్నాయనే కాల్సిడన్ పక్షపు బోధకులను పంపబోతే, ఒకే స్వభావమనే ఏకస్వభావవాదులను ఆదరించే ఆయన భార్య, రాణి థియోడోరా సుమారు 543లో జూలియన్ అనే పూజారిని ముందుగా పంపించింది. చక్రవర్తి మనుషులను ఆపకపోతే తల తీయిస్తానని దక్షిణ ఈజిప్టులోని థెబాయిడ్ అధిపతిని బెదిరించింది. జూలియన్ రెండేళ్లు ఉన్నాడు. ఎండ భరించలేక మూడో గంట నుంచి పదో గంట దాకా (ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా) నీళ్లు నిండిన గుహల్లో నడుముకు గుడ్డ చుట్టుకుని కూర్చునేవాడు. అలాగే ఓర్చుకుని బోధించి బాప్తిస్మాలు ఇచ్చాడు. తర్వాత బాధ్యత అస్వాన్ దగ్గరి ఫీలే బిషప్ థియోడోర్‌ది. 569లో లాంగినస్ అనే బోధకుడు వచ్చాడు. రాజధాని కాన్‌స్టాంటినోపుల్లో నిఘా ఉంటే బట్టతల మీద విగ్గు పెట్టుకుని తప్పించుకున్నాడట.

కథ రసవత్తరంగా ఉంది, ఇబ్బందీ అక్కడే. యోహాను స్వయంగా ఏకస్వభావవాది. 580ల్లో, తన పక్షం మీద వేధింపులు సాగుతుండగా రాశాడు. నూబియాకు వెళ్లినట్టు దాఖలా లేదు. గుహలో నీళ్లలాంటి వివరాలు వెళ్లినవాళ్ల నోటివెంట విన్నవే అయివుండాలి, వాటిని నేను కొట్టిపారేయను. కానీ మతం మారడమంతా రాజధానిలోని ఇద్దరు దంపతుల పోటీగా చూపించడం ఆ ఊళ్లో కూర్చుని రాసినవాడి చూపు.

పక్కన పెట్టి చూడాల్సినవి మూడున్నాయి. మొదటిది పైన చెప్పిన ఫోనెన్ ఉత్తరమే. అది అబూర్నికీ, అతని కొడుకులు నకాసే, మూసేస్‌లకూ రాసింది. మూసేస్ అంటే మోషే. జూలియన్ రాకకు దాదాపు నూరేళ్ల ముందే రాజు ఇంట్లో ఆ పేరుంది. సిల్కో శాసనంలోనూ ‘దేవుడు’ ఏకవచనమే. ఒక పేరు, ఒక ఏకవచనం పట్టుకుని రాజులు క్రైస్తవులైపోయారనలేం. కొత్త మతం గాలి అప్పటికే తగిలిందని మాత్రం అనొచ్చు.

రెండోది నొబాదియాలోని దెందూర్ గుడిలో, ఈజిప్టు క్రైస్తవుల భాష కాప్టిక్‌లో ఉన్న శాసనం. ఐర్పనోమె రాజు కాలంలో ఆ గుడిని చర్చిగా మార్చి శిలువ నిలిపారని అందులో ఉంది. బిషప్ థియోడోర్ పేరు కూడా ఉంది కాబట్టి యోహాను కథలోని ఒక మనిషికి స్థానిక సాక్ష్యం దొరికినట్టే. తేదీ దగ్గర చిక్కుంది. శాసనం చెప్పేది 15 ఏళ్ల పన్ను చక్రంలో 7వ సంవత్సరం అని మాత్రమే, ఎన్నో చక్రమో చెప్పదు. అందుకే 559 కావచ్చు, 574 కావచ్చు. రెండింట్లో ఒకదాన్ని ఖాయంగా రాసిన వ్యాసం కనిపిస్తే కొంచెం అనుమానించండి.

మూడోది బిక్లారో యోహాను రాసిన చిన్న వృత్తాంతం. ఈయన హిస్పానియా (ఇప్పటి స్పెయిన్, పోర్చుగల్) నుంచి వచ్చి కాన్‌స్టాంటినోపుల్లో చదువుకున్నవాడు, కాల్సిడన్ పక్షం. 569 ప్రాంతంలో మకూరియా క్రైస్తవం స్వీకరించిందనీ, 573 ప్రాంతంలో దాని రాయబారులు ఏనుగు దంతాలు, ఒక జిరాఫీతో చక్రవర్తి దగ్గరికి వచ్చారనీ రాశాడు. ఎఫెసస్ యోహాను మకూరియా మతమార్పిడి ఊసే ఎత్తడు. లాంగినస్‌ను అలోదియాకు పోనీకుండా మకూరియా రాజు అడ్డుపడ్డాడని మాత్రం చెబుతాడు. ఎదుటి పక్షం గెలుపు కాబట్టి వదిలేశాడని నా అనుమానం. నొబాదియా లోపలి వివరాలకు ఎఫెసస్ యోహాను మేలు, మకూరియాకు బిక్లారో యోహాను మేలు. ఇద్దరిలో ఒక్కరినే చదివితే పక్క రాజ్యం కనపడదు.

బక్త్ ఒప్పందం

651–52లో ఈజిప్టు అరబ్బు పాలకుడు అబ్దుల్లా ఇబ్న్ సాద్ సేన డొంగోలాను ముట్టడించి, నూబియా విలుకాళ్ల దెబ్బకు గెలవలేక సంధి చేసుకుంది. దాన్నే బక్త్ అంటారు. నూబియా ఏటా ఇవ్వాల్సిన 360 మంది బానిసలు, డొంగోలా మసీదు సంరక్షణ వంటి షరతులు వరసగా ఉన్న పాఠం 15వ శతాబ్దపు అల్-మక్రీజీ దగ్గర దొరుకుతుంది. అంటే దాదాపు 800 ఏళ్ల ఎడం. 9వ శతాబ్దపు ఇబ్న్ అబ్ద్ అల్-హకమ్ ఉదహరించిన పాత మాట ప్రకారం అది ఒప్పందమే కాదు, నూబియావాళ్లు బానిసలనిస్తే అరబ్బులు గోధుమలు, పప్పులు ఇచ్చే కాల్పుల విరమణ లాంటిది. ఇద్దరికంటే పనికొచ్చేది కస్ర్ ఇబ్రీమ్‌లో 1972లో దొరికిన 758 నాటి అరబిక్ ఉత్తరం. ఈజిప్టు పాలకుడు మూసా ఇబ్న్ కాబ్ నూబియా రాజుకు పంపాడు. ఒంటికంటివాళ్లు, కుంటివాళ్లు, ముసలివాళ్లు, పసివాళ్లు తప్ప సరైన బానిసలను పంపడం లేదనీ, పారిపోయి వచ్చినవాళ్లను అప్పగించడం లేదనీ ఫిర్యాదు. ఒప్పందం కాగితం మీద ఎలా ఉందో మక్రీజీని అడగవచ్చు. ఆచరణలో ఎలా ఉందో ఈ ఉత్తరాన్నే అడగాలి.

నొబాదియా ఎప్పుడు మకూరియాలో కలిసింది?

మక్రీజీ ఇచ్చిన సంధి పాఠం అస్వాన్ హద్దు నుంచి అలోదియా హద్దు దాకా ఒకే రాజ్యం ఉన్నట్టు మాట్లాడుతుంది. దాన్ని పట్టుకుని 652కు ముందే విలీనం జరిగిందంటారు కొందరు. నాకిది నిలబడదనిపిస్తుంది. అంత ఆలస్యంగా దొరికిన పాఠంలో హద్దుల వాక్యం తర్వాతి కాలం పరిస్థితిని బట్టి చేరి ఉండవచ్చు. ఫరాస్‌లో బిషప్ పౌలోస్ వేయించిన శాసనం 707 నాటిది, మకూరియా రాజు మెర్కూరియోస్ పాలనలో 11వ ఏడు అని చెబుతుంది. అంటే అతను 697లో గద్దెనెక్కాడు, 707 నాటికి ఫరాస్ అతని ఏలుబడిలో ఉంది. 758 ఉత్తరం ‘మకూరియా, నొబాదియాల ప్రభువు’కే రాసింది. కాబట్టి 707 నాటికి విలీనం అయిపోయిందన్నది గట్టి మాట. 652 మాత్రం ఒక్క ఆలస్యపు ప్రతి మీద ఆధారపడ్డ ఊహ.